గాలి తుపాకీ, తడి తల

గాలి తుపాకీతో అడవిపందిని చంపొచ్చంటే నేను నమ్మలేదు. నాకు తెలిసిన గాలి తుపాకీ మా ఊరి జాతరలో బుడగలు పేల్చేది. ఈ దేశం వచ్చాక కాపెల్‌లో మా ఇంటి గరాజ్‌లో మా ఆయన పెట్టుకున్నది మాత్రం నా భుజాల దాకా ఉండేది. పక్కన గాలి నింపడానికి ఓ పసుపుపచ్చ సిలిండర్. “హెచ్‌వన్ వీసా మీద ఉండి అసలు గన్ కొంటే లేనిపోని తలనొప్పి. ఇది ఆ లెక్కలోకి రాదు” అనేవాడు. ఆఫీసులో ఎవరో ఎక్కించిన పిచ్చి. శనివారం తెల్లారకముందే లేచి, ఎక్కడో దూరంగా ఉన్న ఓ ముసలాయన పశువుల ర్యాంచ్‌కి డ్రైవ్ చేసుకుపోయేవాడు. పందులు ఆయన గడ్డి పొలాన్ని తవ్వి పోస్తున్నాయట, చంపిపెడితే ఆయనకి మేలట.

మొదట్లో బురద కాళ్ళతో, చెమట కంపుతో వచ్చేవాడు. చచ్చిన పంది పక్కన నిలబడి దిగిన ఫోటో చూపించేవాడు. తిట్టి బాత్రూమ్‌లోకి తోసేదాన్ని.

నాకు నెల తప్పిన దగ్గర్నుంచీ తీరు మారింది. ఫోటోల్లేవు. తలారా స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కారు దిగేవాడు. దగ్గరికొస్తే మా ఇంట్లో లేని సబ్బు వాసన.

“ఎక్కడ చేశావ్ స్నానం?”

“స్నానమేంటి? అటువైపు వాన పడింది.”

“వాన సబ్బు కూడా రుద్దిందా?”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కాలర్ వాసన చూసుకుంటూ లోపలికి పోయాడు. నేను వెళ్ళి డిక్కీ తీశాను. తుపాకీ పెట్టె కింద తడి టవల్ చుట్టిపెట్టి ఉంది.

ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. నాది డిపెండెంట్ వీసా. ఉద్యోగం చెయ్యకూడదు, కారు నడపడం రాదు, పైగా కడుపులో బిడ్డ. ఈ మనిషికి ఇంకో ఇల్లు ఉంటే నేనెక్కడికి పోవాలి?

అమ్మ ఫోన్‌లో, కడుపుతో ఉన్నదాని మొగుడు ప్రాణం తియ్యకూడదు, మానెయ్యమను అంది. చెప్పాను. పగలబడి నవ్వాడు. “నువ్వు కడుపుతో ఉన్నావని పందికేం తెలుసే? ఇలాంటివి నేను నమ్మను.” మానలేదు. అంత పట్టుదల పంది కోసమేనా? నా చెవిలో పువ్వులు పెడుతున్నాడనిపించింది.

చలికాలం వచ్చింది. ఓ శనివారం ఆయనకంటే ముందు నేనే వెళ్ళి కార్‌లో కూర్చున్నాను.

“అక్కడ చలి. బాత్రూమ్ కూడా ఉండదు” అన్నాడు.

“మరి నువ్వెక్కడ చేస్తున్నావ్?”

కాలర్ సర్దుకుని కారు స్టార్ట్ చేశాడు.

ర్యాంచ్‌లో నిజంగానే ముసలాయన ఉన్నాడు. బట్టల తీగ మీద ఆడవాళ్ళ బట్టలేమైనా ఉన్నాయేమోనని చూశాను. ఆయన ప్యాంట్లే వేలాడుతున్నాయి. హీటర్ వేసుకుని కార్‌లోనే కూర్చున్నాను. చాలాసేపటికి పొలంలోంచి ఠప్పుమని ఒక్క చప్పుడు. కాసేపటికి ముసలాయన ట్రక్కు వెనక నల్లటి పంది వచ్చింది. అంటే గాలికి పంది చస్తుందన్నమాట. నా అనుమానం సగం అక్కడే చచ్చింది.

మా ఆయన మాత్రం నా వైపు చూడకుండా పశువుల కొట్టం వెనక్కి పోయాడు. మిగతా సగం లేచి కూర్చుంది. దిగి వెంటపడ్డాను. ముసలాయన టోపీ పైకి జరిపి, “ప్రతిసారీ ఇంతేనమ్మా. నీళ్ళు గడ్డకడుతున్నా వినడు” అన్నాడు ఇంగ్లీషులో.

కొట్టం వెనక కుళాయి దగ్గర, నిక్కరుతో గొంతుక్కూర్చుని, దాణా బకెట్‌తో చన్నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుంటున్నాడు. పెదాలు నీలంగా అయిపోయాయి. పక్కన ముసలాయన సబ్బు.

“ఇదేం పిచ్చి? ఇంట్లో వేడినీళ్ళు లేవా?” అని అరిచాను.

“చచ్చినదాన్ని ముట్టుకున్నాను కదే” అన్నాడు వణుకుతూ. “ఇంట్లో నువ్వున్నావుగా.”

“ఇవన్నీ నమ్మనన్నావు?”

“నమ్మను.”

ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. చెప్పి చావొచ్చుగా అని తిడుతూనే, శాలువా తీసి తల తుడవబోయాను. గబుక్కున వెనక్కి జరిగాడు.

“అప్పుడే ముట్టుకోకు. ఇంకో బకెట్ పోసుకోనీ” అన్నాడు.