వాగు గట్టు మీద తీగ

మా పక్క చేను పెద్దమ్మ పోయింది. ఈ కబురు నాకు ఎవరూ మోసుకు రాలేదు. బొగ్గు గనుల కాలనీలో ఉండే ఆమె కూతురికి ఫోన్ చేసి చెప్పింది నేనే. "అమ్మకు కరెంటు కొట్టింది" అన్నాను. "ఏ దవాఖానకు తీస్కపోయిన్రు అక్కా?" అని అడిగింది. "నువ్వు ఇంటికే రా చెల్లీ" అన్నాను. అవతల నుంచి ఏడుపు మొదలైంది.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. ఐదేళ్ల కింద చర్ల రోడ్డులో, అడవి అంచున మూడెకరాలు తీసుకొని మేం ఇక్కడికి వచ్చాం. మా ఆయనకు పాల్వంచలో షిఫ్టు డ్యూటీ, వారానికోసారి వస్తాడు. అడవి తీరులో పంటలన్నీ కలిపి పెంచే పర్మాకల్చర్ శిక్షణకు వెళ్లి వచ్చిన ఉత్సాహంలో నేను పెద్ద కాగితం మీద కందకాలు, చెట్ల వరసలు గీసుకొని చేలో నిలబడి ఉన్నాను. పక్క చేలోంచి ఒకామె గట్టు దాటి వచ్చి ఆ కాగితం వైపు చాలాసేపు చూసింది.

"ఇదేంది బిడ్డా?"

"నీళ్లు ఎక్కడ ఆపాలో గీశాను పెద్దమ్మా."

"వాన పడ్డప్పుడు గొడుగు పట్టుకొని చేనంత తిరుగు. నీళ్లు ఎటు పోవాల్నో అవే చూపిస్తయ్. గప్పుడు గియ్యి."

ఆ వానాకాలం ఆమె వెంట గొడుగు పట్టుకొని తిరిగాను. నా కాగితంలో ఒక్క కందకం తప్ప మిగతావన్నీ తప్పు చోట ఉన్నాయి.

చలికాలం మా ఇద్దరికీ చేతినిండా పని. తొమ్మిదింటి దాకా మంచు విడవదు. ఆ మంచులోనే, తలకు కండువా చుట్టుకొని, గంప నెత్తిన పెట్టుకొని పెద్దమ్మ వచ్చేది. రోడ్డు పక్కన రాలిన టేకాకు ఎవరైనా తగలబెట్టేలోగా ఊడ్చి తేవాలని ఆమె తొందర. తెచ్చిన ఆకును బొప్పాయి పాదుల్లో, కంద మళ్లలో మోకాలెత్తు పరిచేవాళ్లం. ప్రతి కుప్పనూ ముందు కట్టెతో కదిపి, ఓ క్షణం ఆగి, అప్పుడు చెయ్యి పెట్టేది. "లోపల వెచ్చగుంటది. ఎవలన్న పండుకుంటే లేచి పోనియ్యాలె గద" అనేది. పాము పేరు ఎత్తేది కాదు.

చిక్కుడు పందిరి కింద మంచి కాయలకు ఎర్రదారం కట్టేది. అవి విత్తనానికి. నేను ఒకసారి పొరపాటున దారం కట్టిన కాయ కోసి కూరలో వేశాను. పెద్దమ్మ తిన్నది, చెయ్యి కడుక్కుంది, "వచ్చే ఏడు తీగ తిన్నం ఇయ్యాల" అని నవ్వింది. ఇంకెప్పుడూ ఆ పొరపాటు చేయలేదు నేను.

అడవి దిక్కున చివరి సాలు చిలగడదుంప మాత్రం ఎప్పుడూ తవ్వనిచ్చేది కాదు. అది అడవి పందులకట. కడుపు నిండితే అక్కడి నుంచే మళ్లిపోతాయని ఆమె నమ్మకం. నాలుగేళ్లు అలాగే జరిగింది కూడా.

ఈ చలికాలం అలా జరగలేదు. మంద పెద్దదైంది. వాగు అవతలి పది ఎకరాలు కౌలుకు తీసుకొని మొక్కజొన్న వేసిన రైతు చేలో ఒక్క వారంలో ఒక మూలంతా నేలమట్టమైంది. ఆయన చెడ్డవాడు కాదు. మా మోటారు చెడిపోతే పిలవకుండానే వచ్చి బాగు చేసిపోయిన మనిషి. మంచె మీద కూర్చొని కూర్చొని కళ్లు గుంటలు పడ్డాయి.

ఒక ఉదయం వాగు గట్టున కుందేలు చచ్చి పడి ఉంది. ఒంటి మీద గాయం లేదు. పక్కనే పచ్చి కట్టెలు నాటి, మోకాలి కంటే కింద సన్నటి కరెంటు తీగ లాగి ఉంది. నాలుగు రోజులకు మా రెండు చేలకూ కాపలా తిరిగే కుక్క అదే గట్టున దొరికింది. దాన్ని పెద్దమ్మే పూడ్చింది. మట్టి చేతులతోనే వాగు దాటి కౌలు రైతు దగ్గరికి నడిచింది. వెనకాల నేనూ వెళ్లాను.

"తియ్యి కొడుకా ఆ తీగ" అంది.

"పొద్దుగాల ఐదింటికే బంద్ చేస్తున్న పెద్దమ్మా. కోత దాకనే. ఇంక పదిహేను రోజులు."

"ఒక్కనాడు నీకు కన్ను మూతపడితే?"

ఆయన మంచె వైపు మళ్లాడు. తీగ మాత్రం తీయలేదు.

తిరిగి వస్తూ పెద్దమ్మ నన్ను అడిగింది: "ఊర్లకు పోయి సర్పంచుకు చెప్దాం. లైన్‌మన్‌కు చెప్దాం. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్తే వాళ్లు ఇంటరు. వస్తవా?"

"పదిహేను రోజులే కదా పెద్దమ్మా. పక్క చేనాయనతో పగ ఎందుకు?" అన్నాను.

నిజం అది ఒక్కటే కాదు. తీగ కట్టినప్పటి నుంచి నా చిలగడదుంప మళ్లలో ఒక్క గిట్ట గుర్తు లేదు. ఉదయం లేచి మళ్లు చూసుకుంటే ప్రాణం నిమ్మళంగా ఉండేది. ఆ నిమ్మళం ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు.

ఆమె నన్ను మళ్లీ అడగలేదు. ఒక్కతే ఊళ్లోకి వెళ్లింది. "చూద్దాం" అన్నారట. మరునాడు పగటి పూట, కౌలు రైతు ముందే, పాత చీర చింపి తీగ పొడుగునా పీలికలు కట్టింది. "పందికి కాదు, మనిషికి" అంది. ఆయనే తీగ పట్టుకొని నిలబడ్డాడు.

ఆ తర్వాత నాకు మంచు అంటే భయం పట్టుకుంది. పొద్దున్నే తలుపు తీస్తే వాగు వైపు తెల్లగా గోడ కట్టినట్టు ఉండేది. పిట్టలు అరిచినా ఆ దిక్కు నుంచి కాదు. పెద్దమ్మ గంప కనబడేదాకా పని మీద మనసు నిలిచేది కాదు.

ఆ ఉదయం ఆమె మామూలు కంటే ముందే వచ్చింది. నేను పొయ్యి మీద ఆవుకు దాణా ఉడికిస్తున్నాను. కంచె అవతల నుంచి ఆమె గొంతు వినిపించింది.

"నీ దూడ పలుపు తెంపుకున్నది బిడ్డా. వాగు దిక్కు పోతున్నది. నేను తెస్త తియ్, నువ్వు పొయ్యి చూస్కో."

"తీగ పెద్దమ్మా, జాగ్రత్త!"

"పీలికలు కట్టిందాన్ని, నాకే చెప్తున్నవా?" అని నవ్వింది. ఆ నవ్వు మంచులో కలిసిపోయింది.

దూడ ఒక్కటే తిరిగి వచ్చింది.

గంటె అక్కడే పడేసి పరుగెత్తాను. పెద్దమ్మ గట్టు మీద లేదు. గట్టుకు ఇరవై అడుగులు ఇవతల, రోజూ మేం నడిచే బాట మీద, తడి గడ్డిలో పక్కకు ఒరిగి ఉంది. కట్టెలు అక్కడికి వచ్చి ఉన్నాయి. కొత్త తీగ. దానికి ఒక్క పీలిక లేదు.

ఆమెను ముట్టుకోబోయి ఆగాను. గొంతు చించుకొని కౌలు రైతును పిలిచాను. నిద్ర ముఖంతో వచ్చి, చూసి, వెనక్కి పరుగెత్తి కరెంటు ఆపి వచ్చాడు. ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"పందులు ఇటుకెళ్లి వస్తున్నయని నిన్న మాపటికే మార్చిన. పొద్దుగాల చెప్దామనుకున్న. కన్నంటుకున్నది... కన్నంటుకున్నది..."

పారిపోలేదు ఆయన. పోలీసులు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. వాళ్లు అడిగినప్పుడు అంతా తనే చెప్పాడు. నన్నూ అడిగారు. తీగ సంగతి నాకు ముందే తెలుసని, తెలిసీ ఎవరికీ చెప్పలేదని రాయించాను. కింద సంతకం పెట్టాను.

కూతురు వచ్చింది. ఆమెకూ అదే మాట చెప్పాను. "అమ్మ ఫోన్ చేస్తే సగం నీ ముచ్చట్లే చెప్పేది" అంది. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. కర్మ అయ్యేదాకా నాతో మళ్లీ మాట్లాడలేదు.

మా వాగు గట్టు మీద ఇప్పుడు తీగ లేదు. పందులు వస్తున్నాయి. చిలగడదుంప మళ్లు సగం తవ్వేశాయి. మిగిలింది మేం తింటాం.

మొన్న ఉదయం మా ఆయన దగ్గరికి బయలుదేరాను. బస్సు మంచులో మెల్లగా పోతోంది. కిటికీలోంచి చూస్తుంటే రోడ్డు దిగువన ఎవరిదో మొక్కజొన్న చేను, దాని అంచు వెంట పచ్చి కట్టెలు, వాటి మీద తీగ. అటుగా ఒక ముసలాయన మేకలను తోలుకొని పోతున్నాడు.

"ఆపు అన్నా, ఆపు!" అన్నాను.

"ఇక్కడ స్టాపు లేదమ్మా" అన్నాడు కండక్టర్.

నేను అప్పటికే తలుపు దగ్గరికి వెళ్లాను. బస్సు ఆగింది. దిగి రోడ్డు వారగా పరుగెత్తుతూ అరిచాను. "తాతా! ఆగు! ముందల తీగ ఉన్నది!"

అందులో కరెంటు ఉందో లేదో నాకు తెలియదు. ముసలాయనకు నా అరుపు వినబడింది. ఆగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని నా వైపు తిరిగాడు. అందరికంటే ముందున్న మేక మాత్రం తల వంచి, గడ్డి కొరుక్కుంటూ, మంచులోకి ఇంకా నడుస్తూనే ఉంది.