చేతికే ఇవ్వాల్సిన చెక్క

అంజయ్య ముప్పై ఒక్క సంవత్సరాలు సాగర్ ఎడమ కాలువ మీద లస్కరుగా చేశాడు. లస్కరంటే పెద్ద ఉద్యోగమేం కాదు. తన వంతు కట్ట మీద రోజూ నడవాలి, ఎక్కడ ఎండ్రకాయ బుంగ పెట్టిందో, ఎక్కడ ఊట పడిందో చూసి పైవాళ్ళకి చెప్పాలి. అంతే. అలాంటి మనిషి రిటైరయ్యాక కూతురు రేణు దగ్గర ఆరు నెలలుందామని కాన్సాస్ వచ్చాడు. దిగిన మూడో రోజే ఇంటి వెనక వాగుకి కట్టిన మట్టికట్ట కంటపడింది. చెప్పులేసుకుని బయల్దేరాడు.

"మళ్ళ డ్యూటీ ఎక్కినవా నాయినా?" అని రేణు నవ్వింది.

"జీతం లేదు గని, కట్ట కట్టే గదా బిడ్డా."

అగాథమ్మ ఆ కట్ట మీదే ఎదురైంది. ఎనభై మూడేళ్ళ ముసలామె. నెత్తిన తెల్లటి పల్చని టోపీ, కాళ్ళకి రబ్బరు బూట్లు, చేతిలో కర్ర. వీధి చివర పాతిల్లు ఆమెది. కట్ట అడుగున ఒకచోట గడ్డి మరీ పచ్చగా ఉంటే ఇద్దరూ అక్కడే ఆగారు, ఇద్దరూ అక్కడే వంగి నీళ్ళు దోసిట్లోకి తీసుకుని చూశారు. తేటగా ఉన్నాయి. ఆయనకి ఇంగ్లీషు రాదు, ఆమెకి తెలుగు రాదు. అయినా ఒకే పని చేసినవాళ్ళు ఒకరినొకరు గుర్తుపట్టడానికి భాషెందుకు?

ఆ ఆదివారం రేణు చేత సకినాలు పట్టించుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. ఆమె ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్న జంట బన్నులు పెట్టింది. వాళ్ళు మెన్నోనైట్లనే క్రైస్తవులని రేణు చెప్పబోతే, "నాకెర్కే. దేవరకొండల మా మేనత్త ఇంటి పక్కనే వాళ్ళ చర్చి" అన్నాడు.

అప్పుడు చూశాడు గోడ మీద చెక్కని. మూరెడు పొడుగు, చేతులు తగిలి తగిలి నల్లబడింది. అంచు వెంట ముప్పై ఆరు గాట్లు.

ఆ గాట్లు వాళ్ళ పూర్వీకుల ఊళ్ళోని ముప్పై ఆరు ఇళ్ళట. అగాథమ్మ చెబుతుంటే రేణు తెలుగు చేసింది. వందల ఏళ్ళ కింద హాలెండ్ నుంచి పారిపోయిన మెన్నోనైట్లు పోలండ్‌లో విస్తులా నది పక్కన ఒక చిత్తడి నేల కౌలుకు తీసుకున్నారు. కత్తి పట్టరు, ఒట్టు పెట్టరు, పెద్దయితేగానీ బాప్తిస్మం ఇవ్వరు. అలాంటివాళ్ళకి మంచి నేల ఎవరిస్తారు? నది పైన, ఊరు కింద. గాలిమరలు పెట్టి నీళ్ళు తోడి, కట్ట పోసి, జ్వరాలకి సగంమందిని పూడ్చుకుని, ఊరు నిలబెట్టుకున్నారు. చలికాలం పోతూ ఎగువన మంచు విరిగిందంటే నీళ్ళు ఎగదన్నుతాయి. ఆ రోజుల్లో కట్ట మీద కాపలా వంతులవారీగా. చెక్క ఎవరింట ఉంటే కాపలా వాళ్ళది. వంతు అయిపోతే పక్కింటివాడి చేతికే ఇవ్వాలి. చేతికి తప్ప ఇంకెక్కడా పెట్టకూడదు.

అగాథమ్మ ముత్తాతకి తాత, క్లాస్ అనే ఆయన, పక్కింటాయనతో ఒక పెయ్యదూడ దగ్గర మాటా మాటా అనుకున్నాడు. వాడి మొహం చూడటం ఇష్టంలేక చెక్కని వాడి గడప మీద పెట్టి వచ్చేశాడు. దాని మీద మంచు కురిసి, పక్కింటాయన కంటికి ఆనలేదు. ఆ రోజు కట్ట మీద ఎవరూ లేరు. తెల్లారేసరికి గండి. పదకొండు ఇళ్ళు పోయాయి. నీళ్ళు తీశాక చూస్తే చెక్క వచ్చి క్లాస్ కంచెకే తట్టుకుని ఉంది.

"ఊళ్ళోళ్ళు ఏమన్నరంట?" అన్నాడు అంజయ్య.

"ఏమనలేదంట నాయినా. క్షమించిన్రంట. అందుకే క్లాస్ ఇంటోళ్ళు ఆ ఊళ్ళ ఉండలేకపోయిన్రంట."

వాళ్ళు రష్యా వెళ్ళారు, అక్కణ్ణించి విత్తన గోధుమల పెట్టెతో కాన్సాస్ వచ్చారు. చెక్క కూడా వచ్చింది. ఎక్కడ నీళ్ళ పక్కనున్నా ఆ ఇంటి పెద్ద కట్ట మీద నడవాల్సిందే.

రెండు వేల పదిహేను మే నెలలో వాన పట్టుకుంది. పన్నెండు రోజులు విడవలేదు. అగాథమ్మ మెట్ల మీద జారి మోకాలు విరగ్గొట్టుకుంది. అంజయ్యని పిలిపించి, కుర్చీలోంచే చెక్క ఆయన రెండు చేతుల్లో పెట్టి, చేతులు తన చేతులతో మూసింది. అంజయ్య ఒప్పుకున్నాడు. కానీ అక్కణ్ణించి ఐదో రోజు, శనివారం, ఆయన తిరుగు విమానం.

కట్ట చూడటానికి మనిషిని పంపమని రేణు టౌన్ ఆఫీస్‌కి ఫోన్ చేస్తే రిక్వెస్ట్ రాసుకున్నాం, పది రోజుల్లో మనిషి వస్తాడన్నారు. అల్లుడు జగన్మోహన్ ప్రాజెక్ట్ పని మీద ట్రాయ్ అనే దూరపు ఊళ్ళో ఉన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళు చెక్క ఎవరి చేతికైనా అప్పగిద్దామని గొడుగేసుకుని వీధిలో ఐదిళ్ళకి తిరిగారు. ఐదు తలుపులకీ కెమెరా గంటలే. నొక్కగానే నీలం లైటు వెలిగి, ఎక్కడో ఆఫీస్‌లో ఉన్న మనిషి గొంతు వినబడేది.

"ఏమంటున్నరు?"

"పోర్చ్‌ల పెట్టి పొమ్మంటున్నరు నాయినా."

ఐదిళ్ళలోనూ అదే మాట. అంజయ్య చెక్క కింద పెట్టలేదు.

"ఇగ నువ్వే తీస్కో."

"ఇంటికాడ కార్ల పెట్టు, నేను చూస్కుంట" అంది రేణు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

ఆయన కదల్లేదు. వానలో చెక్క చాపి అలాగే నిలబడ్డాడు. చివరికి రేణు ఫోన్ జేబులో పెట్టుకుని రెండు చేతులతో అందుకుంది. "సరే, అయింది గదా?"

"కాలే. ఒక్కపారి నాతోని నడువు. ఏడ జూడాల్నో జూపిస్త."

వాళ్ళు వెళ్ళేసరికి పొద్దు గూకుతోంది. వాగు కట్ట నిండా ఉంది, చప్పుడు చెయ్యకుండా పోతోంది. ఆ పచ్చగడ్డి దగ్గర అంజయ్య వంగి దోసిలి పట్టాడు. చాలాసేపు చూశాడు. కూతురికి చూపించాడు. ఎర్రమట్టి నీళ్ళు.

"పొద్దుగాల తేటగుండె" అన్నాడు మెల్లిగా. "తేటనీళ్ళొస్తె భయం లేదు బిడ్డా. మట్టొస్తుందంటె కట్ట లోపల కరుగుతున్నట్టు. ఆ ముసలామెను నేను కార్ల కూసోవెడ్త. నువ్వు ఇండ్లల్ల చెప్పు. ఉరుకు."

అగాథమ్మని ఎత్తుకుని కారు దాకా తెస్తుంటే, ఆమె వేళ్ళతో గాలిలో చెక్క గీసి ఎవరి దగ్గరుందన్నట్టు చూసింది. అంజయ్య గడ్డంతో వీధి వైపు చూపించాడు.

రేణు మొదటి ఇంటి ముందుంది. లోపల టీవీ వెలుతురు, పిల్లల నవ్వులు. మధ్యాహ్నం లేనివాళ్ళు ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు. గంట నొక్కింది. నీలం లైటు వెలిగింది. తలుపు వెనక నుంచి కాదు, గంటలోంచే గొంతు వచ్చింది. అంజయ్యకి ఇంగ్లీషు రాదుగానీ, ఐదుసార్లు విన్న మాట కాబట్టి అర్థమైంది.

వెనక కట్ట వైపు ఏదో పెద్దగా జారిన చప్పుడైంది. రేణు ఆ చెక్కతోనే తలుపు బాదడం మొదలుపెట్టింది.