బాబాయిగారి ఆమెన్

ఆమెన్ బాబాయి నోటి నుంచి ఆమెన్ రాబట్టడం అంత తేలికైన పని కాదు. ప్రార్థనలో అడిగిన పనిని ఎవరు చేస్తారో తేలేదాకా ఆయన ఆ మాట అనరు. అదొక్కటే ఆయన జబ్బు. చిక్కేమిటంటే, వాళ్ల చర్చి సంఘంలో వయసులో పెద్దవారు ఆమెన్ అంటేనే ప్రార్థన ముగిసినట్టు. అందాకా ఎవరూ కళ్లు తెరవకూడదు. ఆ పెద్దవారేమో ఈయనే అయి కూర్చున్నారు.

"రోగులను ఆదరించుము తండ్రీ" అని ఎవరో ప్రార్థిస్తారు. ఆమెన్ రాదు. పిల్లలు గునుస్తారు, ముసలివాళ్ల మోకాళ్లు పట్టేస్తాయి. చివరికి ఏ మూల నుంచో "సరే, దర్జీగారిని చూడ్డానికి ఆసుపత్రికి నేను వెళ్తాలెండి" అని వినబడుతుంది. అప్పుడు, గుండె నిండా, ఆమెన్.

ఇంట్లో పిన్ని దీనికి విరుగుడు కనిపెట్టింది. కొత్త కాపురంలో ఒకసారి భోజనానికి ముందు నోరుజారి "ఆకలిగొన్నవారిని తృప్తిపరచుము" అంది. ఆయన తన కంచం పట్టుకుని, పొయ్యి వెలగని ఎదురింటి మెట్లెక్కారు. అప్పట్నుంచీ ఆవిడ ప్రార్థన "వందనాలు ప్రభువా"తో సరి.

"దేవుణ్ణి అడిగింది దేవుడు చేయడాండీ?" అని ఓసారి అడిగి చూసింది.

"చేస్తాడే. మన చేతుల్తో చేయిస్తాడేమోనని చూస్తున్నా."

మందిరం వెనక గదిలో ఊడ్చే ఆయమ్మ ఉండేది. మందిరం కాపలా చూసిన భర్త పోయాక ఆ గదే ఆమెకు దిక్కు. ఈమధ్య సంఘానికి కొత్త కుర్చీలొచ్చాయి. వాటికి చోటు కావాలని, గది ఖాళీ చేయమన్నారు కార్యదర్శి. ఆదివారం ఆరాధన వేళకు ఆయమ్మ మూట కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఎక్కడికి పోవాలో ఆమెకే తెలియదు. ఏదో ఒకటి అనమని పిన్ని మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. ఆయన పాటల పుస్తకంలో పేజీ తిప్పారు.

ముగింపు ప్రార్థన కార్యదర్శిది. గొంతు సవరించుకుని అందుకున్నారు. అలవాటు కొద్దీ వచ్చేసింది: "తండ్రీ, దిక్కులేని విధవరాండ్రకు న్యాయము తీర్చుము."

అన్నాక గానీ తానేమన్నదీ ఆయనకు తట్టలేదు. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో దగ్గారు.

"బాబాయ్, పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను" అంది ఒకావిడ నీరసంగా.

ఆమెన్ రాలేదు.

"కుర్చీలు మా కొట్లో పెట్టుకోవచ్చేమో" అని గొణిగారు కార్యదర్శి. రాలేదు.

"గది ఆయమ్మదే. ఆమె ఉన్నన్నాళ్లూ." ఊహూఁ.

కార్యదర్శి గొంతు బాగా తగ్గింది. "తప్పయిందమ్మా. మూట లోపల పెట్టుకో."

"ఆమెన్" అన్నారు బాబాయి.

ఇంటికొచ్చే దారిలో పిన్ని పట్టుకుంది. "కార్యదర్శిని నిలదీసి అడగొచ్చుగా. అంతసేపు అందరి చేతా కళ్లు మూయించాలా?"

"నిలదీస్తే మొండికేసేవాడే. మనిషి తప్పు దిద్దుకునేటప్పుడు నలుగురూ మొహంలోకి చూస్తుంటే ఎలా? ఎవరూ చూడకపోతే వెనక్కి తగ్గడం తేలిక."

పిన్ని నడక ఆగిపోయింది. ఇన్నేళ్లూ తాను ఒట్టి మొండితనమనుకుని విసుక్కున్నది ఇదా అని ఆయన మీద ప్రేమ ముంచుకొచ్చింది.

"అయితే మీరూ చూడలేదా?"

"ఒక్క కన్ను తెరిచా. సరిగ్గా అప్పుడే అతనూ ఒక్క కన్ను తెరిచాడు."

"అప్పుడేం చేశారు?"

"ఇద్దరం గబుక్కున మూసేసుకున్నాం."