మూతి సూడప్పా

పొద్దున డబ్బా మూత తీస్తే పుల్లటి వాసన వచ్చింది. వానాకాలపు తేమకు ఆస్పిరిన్ మాత్రలు చెడిపోయాయి. పారేసే ముందు మళ్ళీ వాసన చూశాను. రాజమ్మక్క చింతపండు అంగడి గుర్తొచ్చింది.

ఎనభైల్లో తిరుపతిలో నా ఇత్తడి సామాన్ల అంగడి పక్కదే ఆమెది. భర్త పోయాడు, పిల్లల్లేరు. నాకు బేరం నేర్పింది ఆమే. "నోరు మూసుకొని నిలబడేది కూడా బేరమేనప్పా" అనేది. ఆ ఒక్కటి తప్ప అన్నీ నేర్చుకున్నాను.

ఒకనాడు తూకం వేస్తుండగానే ఆమె మూతి పక్కకు పోయింది, మాట ముద్దగా వచ్చింది. అరగంటలో సర్దుకుంది. ఇది హెచ్చరిక అన్నాడు డాక్టరు. రక్తం గడ్డకట్టకుండా రోజూ తిన్నాక కొంచెం ఆస్పిరిన్ వేసుకోమన్నాడు. "బాగైనాక మాత్ర దేనికి సామీ? శనివారం ఒక్కపొద్దు, ఆ దినమన్నా తగ్గించు" అంది అక్క. నేనూ వంత పాడాను. "ఈ సరుకులో తగ్గింపు లేదమ్మా" అన్నాడాయన. ఇద్దరం ఓడిపోయి వచ్చాం.

అప్పటినుంచి రోజూ సంగటి తిని, అంగడి తెరిచి, మాత్ర మింగి నన్ను కేకేసేది.

"నా మూతి సూడప్పా, వంకర పోయిందా?"

"నీ తక్కెడకంటే నేరుగా ఉండాదక్కా. ఇంట్లో అద్దం లేదా?"

"అద్దం జవాబు సెప్తాదా?"

నవ్వేది. ఆ నవ్వు రెండు పక్కలా సమంగా ఉందో లేదో చూసి నా అంగడికి వచ్చేవాణ్ణి.

ఒకసారి పెళ్ళి బిందెలకు వచ్చిన చిత్తూరు వాళ్ళతో "వాడు సెప్పే ధరలో సగానికి అడగండి" అందామె. నాకు ఒళ్ళు మండింది. ఎనిమిది రోజులు ఆమెతో మాట్లాడలేదు. నోరు మూసుకోవడం అప్పుడే నేర్చుకున్నాను. మూడు రోజులు కేకేసింది, తర్వాత మానేసింది. తొమ్మిదోనాడు ఆమె అంగడి తలుపు సగమే తెరుచుకుంది. వెళ్ళి చూస్తే అక్క నేలమీద ఉంది, మాట లేదు. మాత్రల డబ్బా మీద దుమ్ము పేరుకుంది. "రోజూ వేసుకున్నా రావచ్చు, చెప్పలేం" అన్నాడు డాక్టరు. ఆ ఊరటను నేను కొనలేదు.

తర్వాత రెండేళ్ళు బతికింది. రోజూ వెళ్ళి మాత్ర ఇచ్చేవాణ్ణి. కుడిచెయ్యి పడిపోయింది, ఎడమచేత్తో వంకరపోయిన మూతి చూపించి కళ్ళెగరేసేది. "నేరుగా ఉండాదక్కా" అనేవాణ్ణి. జీవితంలో నేను చెప్పిన మొదటి ధరకే ఆమె ఒప్పుకున్న సరుకు ఆ ఒక్క మాటే.

ఇప్పుడు ఆ మాత్ర నాకూ రాశారు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇందాక కొత్తవి కొనుక్కొచ్చాను. తిని, ఒకటి మింగి, అద్దం ముందుకెళ్ళి "నా మూతి సూడక్కా" అన్నాను. తర్వాత నోరు మూసుకొని చాలాసేపు నిలబడ్డాను.