విసిరేవాడా, ఉరికేవాడా

పొలంలో నాట్లు వేస్తుండగా తమ్ముణ్ణి పాము కరిచింది. జీపులో సిరోంచ ఆసుపత్రికి బయలుదేరితే, దారిలో వాగు రోడ్డు మీదుగా పారుతోంది. ప్రతి ఎన్నికలప్పుడూ ఇక్కడ పెద్ద వంతెన కడతామంటారు. నీళ్లు తగ్గేదాకా దాటలేమన్నాడు డ్రైవరు.

తమ్ముడి రెప్పలు వాలిపోతున్నాయి. నిద్రపోతే మళ్లీ లేవడని నా భయం.

మేమిద్దరం ఫోన్లో అమెరికా ఫుట్‌బాల్ చూసేవాళ్లం. అందరిలోకీ గొప్ప ఆటగాడు బంతి విసిరేవాడని వాడు, బంతి పట్టుకుని ఉరికేవాడని నేను, ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాం. వాడు ఒక్కనాడూ తగ్గలేదు.

"నీ విసిరేటోడు ఉత్తోడురా," అన్నాను భుజం పట్టి ఊపుతూ.

"ఆడు ఇయ్యకుంటే నీవోడు ఏం పట్టుకొని ఉరుకుతడక్కా?" మాట ముద్దముద్దగా వచ్చింది. అయినా నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకా గట్టిగా తిట్టాను. వాగు మాత్రం తగ్గలేదు.

కాసేపటికి వాడు మెల్లగా, "సరే అక్కా, నీవోడే గొప్పోడు," అన్నాడు.



"కాదురా, నీవోడే గొప్పోడు. కొట్లాడు నాతోని," అన్నాను చెంపలు తడుతూ.

వాడు దానికీ ఒప్పుకున్నాడు.