మూడు పాయింట్ రెండు దగ్గర ఆగిన దొరబాబు

దొరబాబు కువైట్‌లో, జహ్రా ఊళ్లో ఒక కువైటీ ఇంటికి డ్రైవరు. అంతకు ముందు ముమ్మిడివరంలో ఆరేళ్లు కంప్యూటర్లు బాగుచేశాడు. డ్రైవింగ్ నేర్చుకున్నది వీసా కోసమే. అందులో అతను గొప్ప చెప్పుకున్నదీ లేదు, ఎవరూ అడిగిందీ లేదు.

2008 వేసవిలో, హవల్లీలో కంప్యూటర్ షాపు చూసుకునే సూర్యకిరణ్ అతనికి పని ఇస్తానన్నాడు. "నెలాఖరులోగా రిలీజ్ తెచ్చుకోవయ్యా దొరబాబూ. ఆ తర్వాత నా చేతిలో ఉండదు మరి" అన్నాడు. రిలీజ్ అంటే కఫీల్, అదే వీసా ఇచ్చిన ఇంటి యజమాని, వదిలేస్తున్నానని పెట్టే సంతకం. అది లేనిదే ఇంటి వీసా షాపు వీసా కాదు. దొరబాబు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ కఫీల్ "చూద్దాం" అని టీవీ చూశాడు.

కఫీల్ కొడుకు మిషారీకి ఇరవై ఏళ్లు. కంప్యూటర్ ఆటలు తప్ప వేరే పని పెట్టుకోలేదు. వాడి స్నేహితుడొకడు తన ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం దాటించి మూడు పాయింట్ నాలుగు గిగాహెర్ట్జ్‌కి ఎక్కించాడట. మిషారీది రెండు పాయింట్ ఆరు దగ్గరే ఉంది. దాంతో అది ఇంటి పరువు సంగతైపోయింది. "నాదీ మూడు పాయింట్ నాలుగు చెయ్యి, సంతకం నేను పెట్టిస్తా" అన్నాడు. తండ్రి వాడి మాట కాదన్న రోజు ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

దొరబాబు పెట్టె విప్పి ఇసుక ఊదాడు. పెద్ద ఫ్యాను తెప్పించి, ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు పెసరగింజంత పెట్టి బిగించాడు. ఇక వేగం కాస్త పెంచడం, గంటసేపు బరువైన లెక్కలు చేయించడం, వేడి రాసుకోవడం, నిలబడితే మళ్లీ కాస్త పెంచడం. వోల్టేజి జోలికి పోలేదు. మిషారీ ఆవులించి నిద్రపోయాడు. మూడో రోజున తెరమీద మూడు పాయింట్ నాలుగు వచ్చింది. వేడి అరవై ఎనిమిది డిగ్రీలు. మిషారీ లేచి దొరబాబు నుదుటిమీద ముద్దు పెట్టాడు.

దొరబాబు వెళ్లి ఏసీ ఆపేశాడు.

ఆగస్టులో ఇంటిల్లిపాదీ లండన్ పోతారు. ఏసీలు కట్టేస్తారు. మిషారీ మాత్రం సినిమాలు డౌన్‌లోడ్ అవ్వాలని కంప్యూటర్‌ని నెల్లాళ్లూ ఆన్‌లోనే వదిలేస్తాడు. అప్పటికి తను హవల్లీలో ఉంటాడు, ఇక్కడ చూసే దిక్కుండదు. ఇదంతా దొరబాబుకి తెలుసు. గంటన్నరలో వేడి ఎనభై ఎనిమిదికి పోయి, తెర నీలంగా మారి, మిషన్ ఆగిపోయింది. వేగం తగ్గిస్తూ వచ్చాడు. మూడు పాయింట్ రెండు దగ్గర వేడి డెబ్బై నాలుగు దాటలేదు. మిషన్ పూటంతా నిలబడింది. ఇద్దరూ చెమటలో తడిసి ముద్దయ్యారు.

"ఇక్కడితో ఖలాస్" అన్నాడు దొరబాబు.

"ఏసీ వేసి మూడు పాయింట్ నాలుగే పెట్టు. సంతకం అక్కర్లేదా?" అన్నాడు మిషారీ.

అక్కర్లేకేం? నెలాఖరు నాలుగు రోజుల్లో ఉంది. దొరబాబు చెయ్యి రెండుసార్లు కీబోర్డు దాకా వెళ్లింది. కానీ తను బాగుచేసింది తను పోయాక పాడవుతుందని తెలిసీ వదిలి వెళ్లడం అతని వల్ల కాలేదు. అందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. "లా" అన్నాడు. కుదరదని అరబ్బీలో అంతకంటే చిన్న మాట లేదు.

మర్నాడు కఫీల్ పిలిచాడు. మిషారీ చెప్పాల్సింది అప్పటికే చెప్పేశాడు.

"మావాడికి లా చెప్పావా?"

"చెప్పాను బాబా."

"సంతకం పోతుందని తెలిసీ?"

"తెలిసే బాబా."

కఫీల్ టీవీ కట్టేశాడు. లేచి వచ్చి దొరబాబు భుజం మీద చెయ్యి వేశాడు. కళ్లు చెమర్చాయి. "ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో వాడికి ఆ మాట చెప్పినవాడు లేడు. నాకూ చేతకాలేదు. నీలాంటివాణ్ణి ఇప్పుడు ఎలా వదులుకుంటాను?" అన్నాడు.

సాయంత్రం సూర్యకిరణ్ ఫోన్ చేశాడు. "ఏమైంది దొరబాబూ, సంతకం పెట్టాడా?"

"లేదండి."

"ఏం, తిట్టాడా?"

"లేదండి. మెచ్చుకున్నాడండి" అంటూనే దొరబాబు ఏడ్చేశాడు.