రెండు కిటికీల ఒప్పందం

దేశాల మధ్య శాంతి గురించి ఎమ్మే పరీక్షలో పది పేజీలు రాసి పాసయ్యాను. ఆ అర్హతను బట్టే ఖాసీం మామ నన్ను ఈ ప్రయాణానికి తోడు పిలిచాడు. ఆయన కూతురు షాహీన్‌కు ప్రొద్దుటూరు కాలేజీలో సీటొచ్చింది. మా ఊరికి మాత్రం బస్సు లేదు. వీధికి ఒక పక్క నారపరెడ్డి మనుషులు, ఇంకో పక్క ఓబులేసు మనుషులు. వాళ్లు రాళ్లు రువ్వుకున్న రోజు మధ్యలో వచ్చిన బస్సుకు అద్దాలు పోయాయి. పెద్దలిద్దరూ అభయమిస్తేనే మళ్లీ బస్సు వేస్తామన్నారు డిపోలో. ఆ పెద్దలు ఊళ్లో లేరు. ఒకాయన జమ్మలమడుగులో, ఒకాయన పులివెందులలో కాపురముంటున్నారు. దర్జీ పని చేసే మామ ఇద్దరికీ చొక్కాలు కుట్టినవాడు కాబట్టి రాయబారం ఆయనకే పడింది.

ఉదయం ఆరున్నరకు ప్రొద్దుటూరులో కారం దోసెలు తిని బయలుదేరాం. ఎనిమిదికి జమ్మలమడుగులో నారపరెడ్డి ఇంటి ముందు ఉన్నాం.

"నేనొద్దంటానా ఖాసీమూ? ముందు ఆయప్పను ఒప్పుకోమను."

"ఆయప్పా ఇదే మాటంటే?"

"అంటే నన్ను జూసి నేర్చుకున్నట్లు."

చర్చలు ముగిశాయి. పులివెందుల బస్సులో కిటికీ సీట్లు దొరికాయి. పెన్నా దాటుతుంటే నీళ్లు లేని ఏట్లో ఇసుక వెన్నెలలా కనిపించింది. ముద్దనూరు వచ్చిందో, కలలో వచ్చిందో చెప్పలేను. కళ్లు తెరిచేసరికి చీనీ, అంటే బత్తాయి తోటలు మెల్లగా వెనక్కి తేలిపోతున్నాయి.

మెస్సులో సంగటి తిని ఓబులేసు దగ్గరికి వెళ్లాం. ఆయన మంచం మీదనుంచి లేవకుండానే తీర్మానం చేశాడు.

"మాట ఎవురైనా ఇస్తారప్పా. ఇద్దరం బస్సెక్కుతాం. నా మనుషుల ఇండ్ల పక్క కిటికీకాడ నేను, వాని మనుషుల పక్క వాడు. సొంత పెద్దమనిషి మీద ఎవుడేస్తాడు రాయి?"

నా పది పేజీల్లో ఈ సూత్రం లేదు. ఫోన్లో విని నారపరెడ్డి ఒకటే అడిగాడు, ముందు వరసేనా అని. ఆ రాత్రి లాడ్జిలో ఫ్యాను తిరిగింది. గాలి దాని బాధ్యత కాదన్నారు.

మరునాడు పొద్దున్నే ఓబులేసుతో జమ్మలమడుగు చేరాం. ఊరి మీదుగా ప్రొద్దుటూరు పోయే బస్సు సిద్ధంగా ఉంది. పెద్దలు చెరో కిటికీ పక్కన కూర్చున్నారు. ఒకరినొకరు చూసుకోలేదు.

దారిలో అభివృద్ధి అడ్డమొచ్చింది. కల్వర్టు కడుతున్నారు. డ్రైవరు పొలాల మీదుగా తిప్పి, ఊరి అవతలి కొస నుంచి వీధిలోకి దించాడు. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇండ్లు పక్కలు మారినాయి గదరా."

నిజమే. ఎదురు దిక్కు నుంచి వచ్చేసరికి నారపరెడ్డి కిటికీ ఓబులేసు మనుషుల వైపు, ఓబులేసు కిటికీ నారపరెడ్డి మనుషుల వైపు ఉన్నాయి. పెద్దలకూ తెలిసింది. లేచి సీటు మారితే భయపడ్డారని వీధి రెండు పక్కలా తెలిసిపోతుంది. ఇద్దరూ లేవలేదు. బస్సు నడక వేగంతో, దుమ్ములో, చప్పుడు లేకుండా పోతున్నట్టనిపించింది. అరుగు మీద ఓబులేసు మనిషొకడు సగం లేచాడు.

"ఏమప్పా, బాగుండావా?" అన్నాడు నారపరెడ్డి కిటికీలోంచి.

వాడు తడబడ్డాడు. "బాగుండాం రెడ్డీ," అని కూర్చున్నాడు.

వీధి చివర షాహీన్ సంచీతో నిలబడి ఉంది. బస్సు ఆగింది. ఆమె ఎక్కి, కూర్చోకుండా కడ్డీ పట్టుకుంది. నారపరెడ్డి లేచాడు.

"ఈడ కూచో అమ్మీ, గాలొస్తాది."

ఆయన నడవ దాటి అటువైపు సీటు దగ్గర నిలబడ్డాడు. ఓబులేసు ఒళ్లో కండువా సర్దుకుని, కిటికీ వైపు ఒక జానెడు జరిగాడు.

శాంతి చర్చలకు ఇంతకన్నా మంచి ఆసనాలు ఉంటాయి. ఆ సీటుకు పీచు బయటికొచ్చింది. బస్సు మళ్లీ పొలాల మీదుగా తిరిగి ప్రొద్దుటూరు చేరేదాకా వాళ్లిద్దరూ దాని మీదే ఇరుక్కుని కూర్చున్నారు. షాహీన్ మాత్రం కిటికీ అద్దం పూర్తిగా తోసి, మోచెయ్యి బయట పెట్టుకుని కూర్చుంది.